కాగితం దగ్గరే కవచం

తెర మీద చూసిన కవచాన్ని, చేతిలో ఫోటోలు తప్ప ఇంకేమీ లేకుండా, మళ్లీ తయారుచేయడం ఇప్పుడు హైదరాబాద్ కుర్రకారుకూ కొత్త కాదు. కామిక్ కాన్ జరిగినప్పుడల్లా సొంతంగా చేసుకున్న కవచాలు తొడుక్కొని వచ్చేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఈ పనికి ప్రపంచమంతటా బాగా స్థిరపడిన ఒక దారి ఉంది. ముందు ఫోటోలను బట్టి కంప్యూటర్‌లో కవచం ఆకారాన్ని త్రీడీ నమూనాగా గీస్తారు. జపాన్‌కు చెందిన టామా సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పెపకురా డిజైనర్ లాంటి ప్రోగ్రాం ఆ ఆకారాన్ని విప్పి, చదునైన ముక్కలుగా పరుస్తుంది. వాటిని దళసరి కాగితం మీద ముద్రించి, కత్తిరించి, మడిచి, అతికిస్తే కవచం పూర్తి కొలతలో నిలబడుతుంది. ఆ తర్వాత దానికి రెజిన్ పట్టించి గట్టిపరుస్తారు, లేదా ఆ ముక్కలనే ప్యాటర్న్‌గా పెట్టుకొని ఫోమ్ కోస్తారు. ఇందులో కాగితం దశను ఎక్కువమంది డబ్బు లేనివాళ్ల దారిగానే చూస్తారు. త్రీడీ ప్రింటర్ కొనుక్కోలేనివాళ్లు చేసేదని, రంగు వేశాక మరుగున పడిపోయేదని అనుకుంటారు. ఈ అంచనా తలకిందులైందని నా వాదన. కవచం అర్థమయ్యేది కాగితం దగ్గరే. ఫోటో చెప్పిన అబద్ధం బయటపడేదీ, ఒంటి కొలత తప్పితే తెలిసేదీ, పది రూపాయల ఖర్చుతో దిద్దుకోగలిగేదీ అక్కడే. అభిమానులకే కాదు, ఆ కవచాలను పుట్టించిన మన సినిమా పరిశ్రమకు కూడా ఈ కాగితపు ముక్కలు అవసరమే.

హైదరాబాద్‌లోని శ్రీనగర్ కాలనీ చుట్టుపక్కలే ఈ మాటకు ఆధారాలున్నాయి. ఒకవైపు ఎల్లారెడ్డిగూడలో సారథి స్టూడియో, మరోవైపు అన్నపూర్ణ స్టూడియో, ఇంకాస్త పైకి వెళ్తే ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో. నడుమ కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూమర్లు, సెట్ పనివాళ్లు ఉంటారు. ఇక్కడి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కవచం పుట్టే పద్ధతి వేరు. ముందు స్కెచ్, దాన్ని బట్టి మట్టితో బొమ్మ, దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు, అచ్చులోంచి ఫైబర్ ముక్క. ఒకే రకం కవచం వందమంది సైనికులకు కావాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. 2015లో వచ్చిన బాహుబలికి సాబు సిరిల్ కళాదర్శకత్వంలో కవచాలను ఫ్లెక్సీ ఫోమ్‌తో, కత్తులను ఉక్కుకు బదులు కార్బన్ ఫైబర్‌తో చేశారు. చూడటానికి ఇనుములా ఉండాలి, తొడుక్కొని రోజంతా పరుగెత్తగలగాలి అన్నది అక్కడి లెక్క. అయితే అచ్చు పద్ధతిలో ఆకారం మేస్త్రి చేతిలోనూ అచ్చులోనూ మాత్రమే ఉంటుంది. షూటింగ్ అయిపోయాక అచ్చుకు చోటు దొరకదు. కవచం అద్దె కంపెనీకి చేరితే మరో సినిమాకు మరో రంగు పూయించుకుంటుంది, భుజాల దగ్గర కోత పడుతుంది, పట్టీలు మారిపోతాయి. నాలుగేళ్లు గడిస్తే మొదట ఎలా ఉండేదో చెప్పడానికి స్టిల్ ఫోటోలే మిగులుతాయి. అంటే మన సినిమా కవచాన్ని మళ్లీ చేయాలనుకునే అభిమానికీ, తన సినిమాకు తనే రెండో భాగం తీయాలనుకునే నిర్మాతకూ దాదాపు ఒకే ఇబ్బంది. ఇద్దరూ ఫోటో ముందే కూర్చోవాలి.

మరి ఆ ఫోటోను ఎంతవరకు నమ్మొచ్చు? ఈ ప్రశ్నకు మాయాబజార్‌ను మించిన పాఠం లేదు. 1957లో వచ్చిన ఆ సినిమా నలుపు తెలుపుల్లో తీసింది, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. 2010లో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి రంగులద్ది విడుదల చేసింది. ఈ తరం చాలామందికి ఆ సినిమాలోని కిరీటాలు, భుజకీర్తులు, గదలు ఆ రంగుల్లోనే గుర్తు. కానీ ఆ రంగులు 2010లో కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఆలోచించి ఎంచుకున్నవి. నలుపు తెలుపుల కాలంలో వస్తువుకు రంగు వేసేటప్పుడు అది తెర మీద ఏ బూడిద ఛాయగా పడుతుందో చూసుకొనేవారు. కాబట్టి ఆ ఫ్రేములోంచి ఆకారాన్ని తీసుకోవచ్చు గానీ రంగును ఆధారంగా తీసుకోవడానికి లేదు. ఇప్పటి సినిమాల్లో చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. షూటింగ్ తర్వాత రంగులు దిద్దే డీఐ దశలో రంగు మొత్తం మారిపోతుంది. పోస్టర్ మీద ఛాతీని కాస్త వెడల్పు చేస్తారు, నడుమును కాస్త సన్నం చేస్తారు. ఇది చాలదన్నట్టు ఒకే కవచానికి రెండు మూడు రూపాలుంటాయి. క్లోజప్‌లో హీరో వేసుకునేది ఒకటి, ఫైట్‌లో డూప్ వేసుకునే మెత్తనిది ఒకటి, సీజీలో గీసింది మరొకటి. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల కోసం న్యూజిలాండ్‌లోని వెటా వర్క్‌షాప్ సైనికుల గొలుసు కవచాలకు ప్లాస్టిక్ పైపును సన్నని వలయాలుగా కోసి అల్లింది. ఐరన్ మ్యాన్ మొదటి సినిమాకు స్టాన్ విన్‌స్టన్ స్టూడియో నిజమైన సూట్ ముక్కలు తయారుచేస్తే, చాలా షాట్లలో దాని మీదా దాని బదులూ గ్రాఫిక్స్ వచ్చాయి. కాబట్టి నకలు చేసే మనిషి మొదట తేల్చుకోవలసింది, తాను ఏ రూపానికి నకలు చేస్తున్నాడన్నది. పది ఫోటోలు ముందేసుకొని, ఒక్కోదాన్నుంచి నచ్చిన ముక్క తీసుకొని కలిపితే, ఏ రోజూ ఏ సెట్‌లోనూ లేని కవచం తయారవుతుంది.

రంగు సంగతి అటుంచితే, ఆకారం విషయంలోనూ కెమెరా మోసం చేస్తుంది. ఇది లెక్కకు అందే మోసం. మనిషి ఛాతీ మధ్యభాగం భుజాల చివర్ల కంటే 15 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకుందాం. కెమెరా ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే, భుజాలతో పోలిస్తే ఛాతీ మధ్యభాగం 11 శాతం పెద్దదిగా పడుతుంది. అదే కెమెరాను ఆరు మీటర్ల వెనక్కి తీసుకెళ్తే ఆ తేడా 3 శాతం లోపుకు దిగుతుంది. లెన్స్ పేరు ఏదైనా కావచ్చు, తేల్చేది దూరమే. అందుకే బాగా స్పష్టంగా ఉందని క్లోజప్‌ను పట్టుకొని కొలతలు తీసేవాళ్లు, ఛాతీ ఉబ్బిపోయి భుజాలు కుంచించుకుపోయిన కవచం చేస్తారు. దూరం నుంచి జూమ్‌తో తీసిన మసక ఫోటో కొలతలకు అంతకంటే మేలు. క్లోజప్ నగిషీల కోసం పనికొస్తుంది. కొలతకు ఫోటోలో ఒక తెలిసిన వస్తువు కూడా కావాలి. హీరో ఎత్తును ఆధారంగా తీసుకోవడం మామూలే గానీ, బూట్ల మడమ ఎంతుందో ఎవరికీ తెలియదు. ముఖం నేరుగా కనిపించే ఫోటోలో రెండు కంటిపాపల నడుమ దూరం అంతకంటే నమ్మదగ్గది. పెద్దవాళ్లలో అది సగటున 63 మిల్లీమీటర్లు, మనిషికీ మనిషికీ తేడా కొద్ది మిల్లీమీటర్లే. శిరస్త్రాణం కొలతకు ఇదే మంచి ఆధారం, కళ్లూ శిరస్త్రాణమూ కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి.

ఈ కొలతలతో గీసిన నమూనాను విప్పినప్పుడు కాగితానికున్న ఒక గుణం పైకొస్తుంది. కాగితం ఒకే దిశలో వంగుతుంది. గొట్టంగా చుట్టవచ్చు, శంకువుగా చుట్టవచ్చు, గోళంగా మాత్రం చేయలేం, సాగదు కాబట్టి. గోళాన్ని నలగకుండా, చిరగకుండా చదును చేయడం కుదరదని గణితజ్ఞుడు గౌస్ దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే నిరూపించాడు. రాగిరేకు మీద పనిచేసే కంసాలి ఆ సాగుడును సుత్తి దెబ్బతో సాధిస్తాడు. కాగితంతో చేసేవాడు నారింజ తొనల్లా నిలువు ముక్కలు కోసి సాధించాలి. ఇక్కడొక బేరం ఉంది. ముక్కలు ఎక్కువైతే గుండ్రదనం దగ్గరకొస్తుంది గానీ, అతుకులూ పెరుగుతాయి. శిరస్త్రాణాన్ని 24 తొనలుగా కోసి, ఒక్కో అతుకు దగ్గర కత్తెర అర మిల్లీమీటరు బయటికి పోయిందనుకోండి. చుట్టుకొలతలో 12 మిల్లీమీటర్లు, వ్యాసంలో దాదాపు 4 మిల్లీమీటర్లు తేడా వచ్చేసింది. మొదటి తొనకూ చివరి తొనకూ నడుమ సందు కనిపించే చోటు ఇదే. చేయి తిరిగినవాళ్లు 24కు బదులు 12 తొనలతో ఆపి, మిగిలిన గుండ్రదనాన్ని పైన పుట్టీతోనో ఫోమ్‌ను వేడి చేసి వంచో రాబడతారు. ఎక్కడ ముక్కలు తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్న నిర్ణయాన్ని ప్రోగ్రాం తీసుకోదు. ముక్కు మీదుగా దిగే గీటు దగ్గర మడత కచ్చితంగా ఉండాలి, చెవి వెనక ఎలా ఉన్నా పరవాలేదు. కవచం రూపకర్త ఏ గీతకు ప్రాణం పోశాడో, ఏ గీతను ఊరికే వదిలేశాడో తెలుసుకోకుండా ఈ ముక్కలు కోయలేరు. కాగితం నేర్పే చదువు ఇదే, అచ్చులో ఫైబర్ పోసినంత మాత్రాన ఇది రాదు.

ఒంటికి అమర్చే దగ్గరా ఇదే జరుగుతుంది. ఆరడుగుల రెండంగుళాల కథానాయకుడి కవచాన్ని ఐదడుగుల ఆరంగుళాల మనిషి చేసుకుంటున్నాడు. ఎత్తుల నిష్పత్తి 0.89, కాబట్టి నమూనా మొత్తాన్ని 89 శాతానికి కుదిస్తాడు. భుజాలు, ముంజేతులు ఎలాగో సరిపోతాయి. 66 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న శిరస్త్రాణం మాత్రం 59కి దిగి, 57 సెంటీమీటర్ల తలకు లోపల మెత్త పెట్టుకునే చోటు లేకుండా చేస్తుంది. ఎత్తు తగ్గినంత మాత్రాన తల అదే పాళ్లలో తగ్గదు. ఛాతీ వెడల్పు కూడా అంతే. అందువల్ల ప్రతి ముక్కకూ విడి కొలత వేసుకోక తప్పదు. ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే చోట, చంక కిందా నడుము దగ్గరా, మళ్లీ సర్దుకోవాలి. దళసరి విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. కాగితానికి దళసరి లేనట్టే లెక్క. అదే ప్యాటర్న్‌ను 10 మిల్లీమీటర్ల ఫోమ్ మీద పెట్టి, బయటి కొలత అలాగే ఉంచి కోస్తే, లోపలి చుట్టుకొలత 6 సెంటీమీటర్లకు పైగా తగ్గిపోతుంది. పైన చెప్పిన 66 సెంటీమీటర్ల శిరస్త్రాణంలో అప్పుడు అరవై లోపు చోటే మిగులుతుంది. ఈ పొరపాటు ఫోమ్‌లో తెలిస్తే షీటు పోతుంది, ఫైబర్‌లో తెలిస్తే వారం పని పోతుంది. కాగితంలో తెలిస్తే రెండు చార్టులు మళ్లీ ముద్రించుకుంటే చాలు.

గట్టిపరిచే పద్ధతుల గురించి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు, ఒక హెచ్చరికతో. పాత పద్ధతిలో కాగితం మీద పాలియెస్టర్ రెజిన్ పూసి, లోపల ఫైబర్ మ్యాట్ పరిచి, పైన పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్దుతారు. రెజిన్ తడికి కాగితం గట్టిపడే ముందు మెత్తబడుతుంది, అందుకే లోపల అట్టముక్కలతో అడ్డకర్రలు పెట్టకపోతే శిరస్త్రాణం వంకరపోతుంది. వానాకాలంలో కాగితం గాలిలోని చెమ్మను పీల్చి ముందే ఉబ్బుతుంది. ఎండాకాలంలో కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. వీటికంటే ముఖ్యమైనది ప్రాణభయం. రెజిన్‌లో కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి కలిపితే మంటలు లేవవచ్చు, పేలవచ్చు. రెజిన్ నుంచి లేచే స్టైరీన్ ఆవిరి గుడ్డ మాస్కుకు ఆగదు. అపార్ట్‌మెంట్ గదిలో తలుపులేసుకొని చేసే పని కాదిది. రాణిగంజ్‌లో డబ్బాలు తేలిగ్గా దొరుకుతున్నాయి కదా అని పదిహేనేళ్ల పిల్లలు దీనికి దిగకూడదు. ఈ కారణం ఒక్కటి చాలు, ఫోమ్ వైపు మళ్లడానికి. రబ్బరు జిగురు, హీట్ గన్, పదునైన బ్లేడు ఉంటే చాలు. జిగురు ఆవిరికీ వేడిచేసిన ఫోమ్ పొగకూ కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకోవాలి గానీ, ప్రమాదం రెజినంత కాదు. బాహుబలి బృందం ఎన్నుకున్నదీ ఫోమ్ జాతి పదార్థాన్నే కదా.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. త్రీడీ ప్రింటర్లు ఇంత చౌకయ్యాక ఈ కాగితం గోల ఎందుకన్నది మొదటిది. ఈ అభ్యంతరంలో బలం ఉంది. నగిషీలు, కట్లు, బకిల్స్ లాంటి చిన్న ముక్కలకు ప్రింటర్‌కు సాటి లేదు. బాహుబలిలోనే ఒక దున్న తలను త్రీడీ ప్రింటింగ్‌తో చేశారు. కానీ ప్రింటర్ ఇచ్చేది, మనం గీసి ఇచ్చినదాన్నే. ఫోటో దూరం వల్ల ఛాతీ ఉబ్బిన నమూనా ఇస్తే, ఉబ్బిన ఛాతీనే గంటల తరబడి శ్రద్ధగా ముద్రిస్తుంది. ఇళ్లలో వాడే ప్రింటర్ల మీద ఛాతీ కవచం ఒకేసారి పట్టదు కాబట్టి అక్కడా ముక్కలూ అతుకులూ తప్పవు. ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏప్రిల్ ఎండలో అద్దాలు బిగించిన కారులో వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ముందు కాగితంతో ఒంటి మీద పెట్టి చూసుకొని, తర్వాత ప్రింటర్ దగ్గరికి వెళ్లేవాళ్లు ప్లాస్టిక్‌నూ కాలాన్నీ మిగుల్చుకుంటారు. ఈ రెండూ ఒకే వరుసలో ముందూ వెనకా నిలిచే పనిముట్లు.

రెండో అభ్యంతరం చరిత్ర తెలిసినవాళ్లు లేవనెత్తేది. సినిమా కవచమే కల్పితం, దానికి నకలంటే కల్పనకు కల్పన అంటారు. రామప్ప మొదలు కాకతీయుల కాలపు శిల్పాల్లో యోధులు ఎక్కువగా ఆభరణాలతో, పలుచని వస్త్రాలతో కనిపిస్తారు. తర్వాతి దక్కన్ కవచం ఎలా ఉండేదో తెలియాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగం చూడాలి. ఇనుప గొలుసుల అల్లికలు, వాటికి అమర్చిన రేకులు అప్పటి పద్ధతి. మన జానపద, చారిత్రక సినిమాల్లో రోమన్ యోధుల తరహా ఛాతీ రేకు మీద సింహాలూ ఏనుగులూ వాలడం మాత్రం తెర కోసం పుట్టిన సంప్రదాయం. ఇదంతా ఒప్పుకుంటాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, గొలుసు అల్లికను కాగితం ముక్కలతో పట్టుకోలేం, అక్కడ ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. అయితే తెర సంప్రదాయం కూడా ఒక సంప్రదాయమే. సురభి నాటక సమాజాల కిరీటాలనుంచి, కూచిపూడి కళాకారుల తేలికపాటి చెక్క ఆభరణాలనుంచి, మద్రాసు స్టూడియోల పౌరాణికాలనుంచి, 1977 నాటి దాన వీర శూర కర్ణ నుంచి అది నడిచివచ్చింది. లోహంలా మెరవాలి, ఒంటి మీద బరువు తెలియకూడదు అన్న ఒకే కోరిక వీటన్నిటినీ కలుపుతుంది. రంగస్థలం మీద చెక్క చేసిన పనినే ఫోమ్, కార్బన్ ఫైబర్ ఇప్పుడు చేస్తున్నాయి. ఈ సంప్రదాయానికి నకలు చేసేవాడు, ఇది ఫలానా సినిమా కవచమని చెప్పి చేస్తే చరిత్రకు ద్రోహం లేదు. కాకతీయుల కవచమని చెప్పి బడిపిల్లలకు చూపిస్తేనే ద్రోహం.

మూడోది చట్టం. ఇతరుల సృష్టిని ఫోటో చూసి దించుకోవడం దొంగతనం కాదా? మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత ఉపయోగం కోసం, పరిశోధన కోసం న్యాయమైన వాడకాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. ఇంట్లో ఒక్క కవచం చేసుకొని వేడుకకు తొడుక్కొని వెళ్లడానికీ, ఇరవై చేసి అమ్మడానికీ తేడా ఉంది. అమ్మకానికి దిగితే ఆ రక్షణ ఉండదనే అనుకోవాలి. అదే చట్టంలోని 15వ సెక్షన్‌లో ఇంకో మలుపు ఉంది. డిజైన్‌గా నమోదు చేసుకోదగ్గదాన్ని నమోదు చేయకుండా, యజమాని పారిశ్రామిక పద్ధతిలో 50కి పైగా వస్తువులు తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ నిలవదు. బ్రిటన్‌లోనూ ఇలాంటి వాదమే 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టార్ వార్స్ మొదటి సినిమాకు సైనికుల శిరస్త్రాణాలు తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత అవే అచ్చులతో నకళ్లు అమ్మాడు, లూకాస్‌ఫిల్మ్ కేసు పెట్టింది. శిరస్త్రాణం సినిమా తీయడానికి పనికొచ్చే వస్తువే గానీ శిల్పం కాదని కోర్టు తేల్చింది. అమెరికా కాపీరైట్ విషయంలో మాత్రం లూకాస్‌ఫిల్మ్ వాదనను అక్కడి కోర్టులు వినవచ్చంది. ఒకే శిరస్త్రాణానికి రెండు దేశాల్లో రెండు న్యాయాలు. కాబట్టి మన దగ్గర నకళ్లు అమ్మాలనుకునేవాళ్లు నిర్మాణ సంస్థ అనుమతి రాతలో తీసుకోవడమే క్షేమం. అడగకుండా అమ్మి, అభిమానం అనే మాట వెనక దాక్కోవడం నాకు నచ్చదు.

అనుమతి ఇవ్వడానికి నిర్మాణ సంస్థలకు మాత్రం ఏం లాభం? కల్కి 2898 ఏడీ బృందం ఈ ప్రశ్నకు కొంత జవాబు చూపించింది. 2023 జూలైలో శాన్‌డియాగో కామిక్ కాన్‌కు వెళ్లినప్పుడు, సినిమాలోని రైడర్ల కవచాలు తొడిగిన మనుషులను అక్కడ జనంలోకి దింపారు. సినిమా ఎలా తయారవుతోందో చెప్పే వీడియోల వరుసలో ఒకదాన్ని ఆ రైడర్లకే కేటాయించారు. కవచం తయారీని సినిమా విడుదలకు ముందే చూపించారు, చూసినవాళ్ల ఆసక్తి పెరిగిందే తప్ప తగ్గలేదు. దీని తర్వాతి మెట్టు, సినిమా విడుదలై ఏడాది తిరిగాక ఒకటి రెండు కవచాల చదును ప్యాటర్న్‌లను సంస్థే బయటపెట్టడం. చవక నకళ్లు మార్కెట్‌ను ముంచెత్తుతాయన్న భయం సహజమే. కానీ చవక నకలు చేసేవాడు ప్యాటర్న్ కోసం ఆగడు, పోస్టర్ చూసి ఉబ్బిన ఛాతీతో ఈపాటికే చేసి అమ్ముతుంటాడు. ప్యాటర్న్ కోసం ఎదురుచూసేవాడు సరిగ్గా చేయాలనుకునేవాడే.

బయటపెట్టకపోయినా సరే, దాచుకోవడమైనా మొదలుపెట్టాలి. ఒక కవచం ప్యాటర్న్ పాతిక ముప్ఫై ఏ3 కాగితాల్లో ఇమిడిపోతుంది, అచ్చులా గోడౌన్ అడగదు. దాని మీద ఉండాల్సినవి కొన్నే. ఏ నటుడి ఒంటి కొలతకు చేశారు, క్లోజప్‌దా డూప్‌దా, బయటి కొలతా లోపలి కొలతా, పదార్థం పేరు, దళసరి, లైటింగ్ పడకముందు పగటి వెలుగులో రంగు ఎలా ఉంది, పక్కన స్కేలు పెట్టి ఆరు మీటర్ల దూరం నుంచి తీసిన నాలుగు వైపుల ఫోటోలు. కంటిన్యూటీ కోసం అసిస్టెంట్ డైరెక్టర్లు ఎలాగూ రోజూ ఫోటోలు తీస్తున్నారు, స్కేలు పెట్టి వెనక్కి జరగడం అదనపు పనేమీ కాదు. మట్టి బొమ్మ చేసిన మేస్త్రి పేరు, అచ్చు తీసినవాళ్ల పేర్లు అదే కాగితం మీద పడితే, టైటిల్స్‌లో చోటు దొరకని ఆ మనుషుల పనికి రాతలో ఒక ఆధారం ఏర్పడుతుంది. మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, అన్నపూర్ణ స్టూడియో ఆవరణలోని ఫిల్మ్ కాలేజీ లాంటి చోట్ల విద్యార్థులకు ఒక సెమిస్టర్ పనిగా దీన్ని అప్పగించవచ్చు. అద్దె కంపెనీలో ఉన్న ఒక పాత కవచాన్ని తెచ్చుకొని, కొలిచి, విప్పి, కాగితంలో మళ్లీ నిలబెట్టి, దాన్ని పాత స్టిల్‌తో పోల్చి చూడాలి. ఎక్కడ కోత పడింది, ఎక్కడ కొత్త పట్టీ వచ్చింది, ఏ రంగు కింద ఏ రంగు ఉంది అన్నది వాళ్లే రాసిపెడతారు. బాహుబలి తరం కవచాలకు ఈ పని ఇప్పుడే చేయాలి. వాటిని చేసిన మేస్త్రులు ఇంకా పనిలో ఉన్నారు, అడిగితే ఏ వంపు ఎందుకు పెట్టారో చెప్పగలరు.